మా అక్కే పాఠ్యపుస్తకం

ఫ్యాక్టరీ క్వార్టర్స్, రెండో అంతస్తు
జూన్ 9

అక్కా,

చేరాను. బతికే ఉన్నాను. ఈ రెండు ముక్కలూ ముందే రాసేశాను కాబట్టి మిగతాది నువ్వు స్థిమితంగా కూర్చుని చదువుకోవచ్చు.

గది బాగానే ఉంది. కిటికీ తెరిస్తే ఫ్యాక్టరీ గోడ కనిపిస్తుంది. మూస్తే ఆ గోడ మీది గడియారం చప్పుడు వినిపిస్తుంది. కళ్ళజోళ్ళలో పెట్టే అద్దాలు తయారుచేసే ఫ్యాక్టరీ ఇది. అద్దం ముక్కను అరగదీసి, మెరుగుపెట్టి, పవరు చూసి దేశదేశాలకు పంపుతారు. కొత్తగా వచ్చిన మిషన్ల మీద రాతలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయట. అందుకే పనివాళ్ళకు ఇంగ్లీషు నేర్పమని ఏడాది ఒప్పందం మీద నన్ను పిలిపించారు.

నా విద్యార్థులు ఇరవై ముగ్గురు. అందరూ నలభై దాటినవాళ్ళే. నేను గదిలోకి వెళ్తే లేచి నిలబడతారు. తుమ్మినా లేచి నిలబడతారు. నిన్న సుద్దముక్క కింద పడితే అందించడానికి తొమ్మిది మంది ఒకేసారి వంగి తలలు ఢీకొట్టుకున్నారు. ఇద్దరికి బొప్పి కట్టింది. మిగతావాళ్ళు ఆ ఇద్దరినీ రోజంతా కుళ్ళుకుంటూ చూశారు. పాతికేళ్ళు పాఠాలు చెప్పాను గానీ నాకోసం బొప్పి కట్టించుకున్నవాళ్ళను చూడలేదు.

చిక్కల్లా పుస్తకాలతోనే. పెట్టెలు వచ్చాయని అందరం సంబరంగా మూతలు తీశాం. లోపల ఇంగ్లీషు వాచకాలు లేవు. ఈతకొలను శుభ్రం చేయడం ఎలా అనే పుస్తకం రెండొందల కాపీలు ఉన్నాయి. ఈ చుట్టుపక్కల ఈతకొలనే లేదు! ఆఫీసులో అడిగితే, "పుస్తకాలు అందాయని సంతకం పెట్టేశామండీ, అందినట్టే లెక్క" అన్నారు. గత్యంతరం లేక వారం రోజులు దాన్నే చెప్పాను. ఇప్పుడు నా విద్యార్థులకు పేరు చెప్పడం రాదు గానీ, నీళ్ళమీద నాచు పేరుకుంటే ఏం చేయాలో గడగడా చెబుతారు.

నాకు పొడుగ్గా ఉత్తరాలు రాయి. ఏం కుట్టావు, ఎవరితో పోట్లాడావు, ఏదీ వదలకు. ఇక్కడ మన మాట వినక చెవులు తుప్పు పడుతున్నాయి.

అన్నట్టు, నా నల్ల గొడుగు బీరువా పైన ఉందేమో చూడు. సామానంతా వెతికాను, కనిపించలేదు.

నీ చెల్లి


మిషను గది, మందుల షాపు పైన
జూన్ 27

చిన్నీ,

చల్లగా ఉండు. ఉత్తరం అందింది. చివర నువ్వు రాసిన మాటకు నాకు ఏడుపు ఆగలేదు. పక్కనున్న యాభై ఏళ్ళలో ఒక్కనాడైనా నీ నోట అలాంటి మాట వచ్చిందా? దేశం దాటగానే ఎంత మారిపోయావే! అలాంటివి రాసి నన్ను ఏడిపించకు. రాయకుండా మాత్రం ఉండకు.

ఇక ఇక్కడి సంగతులు. పాలవాడితో మాటలు మానేశాను. గిన్నె పెడితే గిన్నెలో పోయాలా వద్దా? గుమ్మం నిండా పోసి, "గిన్నె ఇక్కడ లేదమ్మా, అదిగో అక్కడ పెట్టారు" అని నాకే చెబుతాడు. నేను పెట్టిన గిన్నె ఎక్కడుందో నాకు తెలీదూ?

ఎదురింటావిడ నా పెద్ద కత్తెర పట్టుకెళ్ళి ఇరవై రోజులైంది. అడిగితే, "నేను ఆ రోజే తెచ్చి ఇచ్చేశాను కదండీ" అంటుంది. అబద్ధం ఆడుతూ నవ్వు కూడా నవ్వుతుంది చూడు, అక్కడ మండింది నాకు.

సూదులు చేసేవాళ్ళకు ఏమొచ్చిందో గానీ బెజ్జాలు మరీ చిన్నవి చేస్తున్నారు. అందులోకి దారం దూరదు, గాలి కూడా దూరదు. నువ్వు వెళ్ళేముందు దారాలు ఎక్కించి ఇచ్చిన యాభై సూదుల్లో ముప్పై రెండు మిగిలాయి. అవే వాడుతున్నాను. బల్బులవాళ్ళు కూడా దొంగలయ్యారు. కొత్త బల్బు పెట్టినా గదిలో మబ్బు పట్టినట్టే ఉంటోంది.

నీ గొడుగు బీరువా పైన లేదు. ఎక్కడిదో ఒక నల్లపిల్లి వచ్చి అక్కడ చేరింది. ఎంత అదిలించినా కదలదు. అంత పొగరుబోతు పిల్లిని నేను చూడలేదు.

కాగితం మంచిది కాదు, అందుకే వరసలు కిందికి జారుతున్నాయి. ఏమనుకోకు.

అక్క


క్లాసు గది, క్యాంటీన్ వెనక
జూలై 20

అక్కా,

నీ ఉత్తరం చదివి నాకు మతిపోయింది. చివర నేను రాసింది గొడుగు గురించి. గొడుగు కోసం ఏడ్చేదానివి నువ్వు ఎప్పుడయ్యావు? ఆ గొడుగుకు రెండు ఊచలు ఎప్పుడో విరిగాయి. పోతే పోయింది, దానికోసం కన్నీళ్ళు పెట్టుకోకు.

ఇక్కడ చదువు పరుగులు తీస్తోంది. ఈతకొలనును అటకెక్కించాను. మంచి పుస్తకం ఒకటి దొరికింది. రచయిత్రి నీకు బాగా తెలిసినావిడే. పిల్లలు (పిల్లలంటే యాభై ఏళ్ళవాళ్ళే అనుకో) ఆ పుస్తకం కోసం ప్రాణాలు పెడుతున్నారు. గంట కొట్టినా లేవరు. "తర్వాత ఏమైంది టీచర్? తర్వాత ఏమైంది?" అంటూ నా వెనకాలే మెట్ల దాకా వస్తున్నారు. ఫ్యాక్టరీలో చివరి తనిఖీ చేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. అద్దాన్ని దీపానికి ఎదురుగా పెట్టి, గీత కనిపిస్తే పక్కన పడేసే పని. ముప్పై ఏళ్ళుగా అదే చేస్తున్నాడు. మేమంతా ఆయన్ను తనిఖీ తాత అంటాం. ఆయన మొన్న ఒక పాఠం విని లేచి, "కత్తెర తీసుకుని ఇవ్వకపోవడం చాలా తప్పు" అని కష్టపడి ఒక్క వాక్యం చెప్పి, కళ్ళు తుడుచుకుని కూర్చున్నాడు.

ఊరికే అడుగుతున్నాను, మరోలా అనుకోకు. ఎదురింటావిడ కత్తెర ఇచ్చిందా? దాని పిడి ఏ రంగు? పిల్లికి ఏమైనా పేరు పెట్టావా? పాలవాడు నీకంటే పొడుగా, పొట్టా? ఈ నాలుగూ రాయి చాలు. వీలైతే శుక్రవారం లోపల నాకు అందేలా పోస్టు చెయ్యి. శనివారం రెండు గంటల క్లాసు ఉంది.

నీ చెల్లి


మిషను గది
సెప్టెంబరు 2

ఏమే పంతులమ్మా,

నాకేం తెలీదనుకున్నావా? పాలవాడి పొడుగుతో నీకేం పని అని నేను ఆలోచిస్తూ ఉండగానే నాకు ఒక లావుపాటి కవరు వచ్చింది. అంతా ఇంగ్లీషే. కింద మందుల షాపాయనకు ఇచ్చి చదవమన్నాను. ఆయన చదువుతూ చదువుతూ నావైపు అదోలా చూడడం మొదలుపెట్టాడు.

ఇరవై మూడు ఉత్తరాలు! ఒకడేమో ఎదురింటావిడ ఇంటికి వెళ్ళి ఆవిడ తిరగలి తెచ్చేసుకోమంటాడు. ఇంకొకావిడ పాలవాడిని క్షమించమని రెండు పేజీలు బతిమాలింది. మేస్త్రీ అట, ఆయన రెండు నెలలుగా కదలని పిల్లి ఏం తింటోందో రాయమన్నాడు. మందుల షాపాయన నవ్వు ఆపుకోలేక తన దగ్గు మందు తానే తాగాడు. నా పరువు తీశావు కదే! నా కత్తెర, నా గుమ్మం, నా గొడవ. అవన్నీ ముక్కూ మొహం తెలియని వాళ్ళ ముందు ఎందుకు పరిచావు?

సరే, అడిగారు కాబట్టి చెప్పు. తిరగలి ఆలోచన బాగుంది గానీ ఆవిడకు తిరగలి లేదు. పాలవాడు పొట్టి. పిడి ఎరుపు. పిల్లికి పేరు పెట్టలేదు, పెడితే పాతుకుపోతుంది. ఏం తింటుందో నాకూ తెలీదు. పాలు పెట్టినా ముట్టదు.

పని సంగతి అడిగావు. బడి యూనిఫారాలు నలభై చొక్కాలు ఒప్పుకున్నాను. పన్నెండు కుట్టాను. గుండీ ఒక చోట, కాజా ఇంకో చోట వచ్చాయని వాళ్ళు వెనక్కి పంపారు. చొక్కా తొడుక్కున్నవాడు సరిగా నిలబడకపోతే అది నా తప్పా? మందుల షాపాయన రోజూ ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు, ఆయన మాటలు నీకెందుకులే. సూదులు పదకొండు మిగిలాయి.

మొన్నటి ఉత్తరం చివర కూడా మళ్ళీ అదే మాట రాశావు. తిట్టడానికి కూర్చున్నాను గానీ, ఆ మాట గుర్తొచ్చి సగం తిట్లు మింగేశాను.

అక్క


క్లాసు గది
అక్టోబరు 11

అక్కా,

తప్పయిపోయింది. అవును, నువ్వే మా పాఠ్యపుస్తకం. నీ ఉత్తరం రాగానే గోడకు అంటించి, పక్కన ఇంగ్లీషులో రాసి పెడతాను. ఒకటో పాఠం పాలగిన్నె. రెండో పాఠం కత్తెర. మూడోది పిల్లి, దానికి రెండు భాగాలు. వీళ్ళకు ఇంగ్లీషంటే నువ్వే, నువ్వంటేనే ఇంగ్లీషు.

పోయిన వారం హెడ్డాఫీసు నుంచి పరీక్షాధికారి వచ్చాడు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తాడు. "పొద్దున్న లేచి ఏం చేస్తారు?" అని మేస్త్రీని అడిగాడు. "పాలవాడితో పోట్లాడతాను" అన్నాడు మేస్త్రీ. రెండో ఆయనా అదే చెప్పాడు. ఏడో ఆవిడ దగ్గరకు వచ్చేసరికి ఆయన కలం కింద పెట్టేశాడు. "మీ ఇంట్లో ఎవరెవరున్నారు?" అంటే, "ఒక అక్క. ఒక పిల్లి. పిల్లి కదలదు" అన్నారు ఇరవై ముగ్గురూ. ఆయన నన్ను పక్కకు పిలిచి, "వీళ్ళందరూ ఒకే కుటుంబమా అమ్మా?" అని గొంతు తగ్గించి అడిగాడు. ఏప్రిల్‌లో చివరి పరీక్ష ఉంది. అందులో అందరూ ఇలాగే చెబితే నన్ను ఇంటికి పంపిస్తారట.

అది పెద్ద సంగతి కాదు. అసలు సంగతి రాయడానికి ఇందాకటి నుంచి చేయి ఆడడం లేదు.

నీ సెప్టెంబరు ఉత్తరం గోడకు అంటించాను. వీళ్ళకు మన అక్షరం ఒక్కటి కూడా రాదు కదా, ఇంగ్లీషు కాగితమే చూస్తారు. తనిఖీ తాత మాత్రం నీ కాగితం ముందే నిలబడ్డాడు. జేబులోంచి కొలత బద్ద తీశాడు. జూన్ ఉత్తరంలో నీ అక్షరం ఎంత ఎత్తుందో కొలిచాడు, సెప్టెంబరుది కొలిచాడు. వరస ఎక్కడ జారడం మొదలైందో గీత గీశాడు. మిగతావాళ్ళు కూడా చేరారు. పాఠం లేదు, గీఠం లేదు. ఇరవై ముగ్గురూ గోడకు అతుక్కుపోయి కొలిచారు. తర్వాత తాత నా దగ్గరకు వచ్చి ఇంగ్లీషులో చెప్పాడు. "అక్కకు కుడి కన్ను మూసుకుపోతోంది. ఎడమ కన్ను దాని వెనకాలే వెళ్తోంది. పిల్లి పిల్లి కాదు."

నీ ఉత్తరాలు నేను ఒక్కొక్కటి పదిసార్లు పైకి చదివాను అక్కా. చదివి నవ్వించాను. సూదిబెజ్జం చిన్నదైందంటే దాన్ని పాఠం చేశాను. ఒక్క అక్షరం రాని మనిషి బద్ద పెట్టి చూశాడు, నాకు కనబడలేదు. నేను బయలుదేరే ముందు యాభై సూదులు నా ముందు పోసి దారం ఎక్కించమంటే, మా అక్క చాదస్తం అనుకుంటూ ఎక్కించాను. నా మొహానికి చదువొకటి!

వీళ్ళు నీకు ఒక పార్శిల్ పంపుతున్నారు. వద్దన్నా వినలేదు. నిజం చెప్పు అక్కా. కనిపిస్తోందా, లేదా?

నీ చెల్లి


మిషను గది
నవంబరు 19

చిన్నీ,

పార్శిల్ వచ్చింది. ఇరవై మూడు కళ్ళజోళ్ళు. ఎవరికి తోచిన పవరు వాళ్ళు అరగదీసి పంపారు. మందుల షాపాయన వరసగా పెట్టి ఒక్కొక్కటీ తొడిగించాడు. ఒకటి పెట్టుకుంటే నేల పైకి లేచి మీదికొచ్చింది. ఇంకొకటి పెట్టుకుంటే పాలవాళ్ళు ఇద్దరయ్యారు, ఒక్కడితోనే పడలేకపోతున్నానంటే! పద్దెనిమిదోది పెట్టుకుని ఎదురింటావిడతో గంటసేపు మాట్లాడాను, తీరా చూస్తే అది తలుపుకు వేలాడే తువ్వాలు. ఏ జోడుతోనూ మబ్బు పోలేదు.

డాక్టరు దగ్గరకు వెళ్ళాను. మందుల షాపాయన షాపు మూసి మరీ తీసుకెళ్ళాడు. శుక్లమట. అద్దాలతో పోయేది కాదట, కోసి తీయాలట. సరేనని చెప్పి ఇంటికొచ్చి తలుపేసుకున్నాను.

నేను చేయించుకోను చిన్నీ. అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు నీకు ఆరేళ్ళు. నీకు గుర్తుండదు. పొద్దున్న నా చేయి పట్టుకుని తనే నడిచి వెళ్ళింది. కట్టు విప్పాక, "దీపం పెట్టవేమే?" అంది. మిట్టమధ్యాహ్నం అది. ఆ తర్వాత పదకొండేళ్ళు అమ్మను చేయి పట్టి నడిపించింది నేను. అమ్మ మిషను నేనెక్కింది కూడా అప్పుడే. ఇప్పుడు కొంచెమైనా కనిపిస్తోంది. రేపు కట్టు విప్పాక నేను దీపం పెట్టమంటే, పెట్టేవాళ్ళెవరున్నారు నాకు?

ఇంకోటి దాచాను. నీ చీమతలల అక్షరాలు నాకు మొదటి నుంచీ కనబడవు. నువ్వు వెళ్ళిన దగ్గర నుంచీ మందుల షాపాయనే చదివి వినిపిస్తున్నాడు. నీ గొంతు పెట్టి మరీ చదువుతాడు, బాగానే వస్తుంది. నా రాత నేను అలవాటు మీద రాస్తున్నాను.

యూనిఫారాలు తిప్పి పంపేశాను. సూది ఒక్కటే మిగిలింది. అది వాడకుండా దాచుకున్నాను. నీ విద్యార్థులకు నా దండాలు చెప్పు. నన్ను ఆ గోడ మీంచి పీకెయ్యి. అయిపోయిన పాఠం ఎవరికి కావాలి?

అక్క


క్లాసు గది
డిసెంబరు 15

అక్కా,

నీ ఉత్తరం చదివి వినిపించాను. అమ్మ సంగతి దాచలేకపోయాను. క్లాసు ఆగిపోయింది. సమ్మె అట! నువ్వు ఆస్పత్రికి వెళ్ళే దాకా తర్వాతి పాఠం వినరట. ఏప్రిల్‌లో అధికారి వచ్చి ఎలా ఉన్నారని అడిగితే, "బాగాలేం, అక్క ఆపరేషన్ చేయించుకోలేదు" అని అందరూ చెబుతారట. పరీక్ష పోతుందంటే, "పోనీ" అన్నారు. ప్రేమతో మనిషిని ఉద్యోగంలోంచి పీకించడం ఎలాగో వీళ్ళ దగ్గర నేర్చుకోవాలి.

తనిఖీ తాతకు ఎనిమిదేళ్ళ కిందట ఇదే ఆపరేషన్ అయింది. ఆయన నీకు చెప్పమన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "నేను భయపడి పని బల్ల కింద దాక్కున్నాను. మేస్త్రీ నన్ను కాళ్ళు పట్టి లాగాడు. ఇప్పుడు అంత పెద్ద కోత లేదు, మీ అమ్మగారి రోజుల్లో మాట వేరు. నా కంట్లో ఉన్న అద్దం మా ఫ్యాక్టరీలో అయితే నేనే పాస్ చేసేవాణ్ణి. గీత లేదు." ఆ మాటకు మించిన సర్టిఫికెట్ ఈ ఫ్యాక్టరీలో ఇంకొకటి ఉండదు అక్కా.

సమ్మెలో ఖాళీగా ఉన్నారని ఒక్క ప్రశ్న ఇచ్చాను, అక్క ఇప్పుడు ఏం చేస్తుంది అని. ఇరవై ఇద్దరు, "అక్క వెళ్తుంది" అని రాశారు. మేస్త్రీ ఒక్కడు, "అక్క వెళ్ళదు. ఆమెకు ధైర్యం లేదు. మాటలే" అని రాశాడు. అప్పటి నుంచి అతనితో ఎవరూ మాట్లాడడం లేదు. క్యాంటీన్‌లో ఒక్కడే ఒక బల్ల దగ్గర కూర్చుని తింటున్నాడు.

సెలవు అడిగాను. ఫిబ్రవరి దాకా కదలనివ్వం అన్నారు. ఒప్పందం చింపేసి రమ్మంటే వచ్చేస్తాను. ఒక్క మాట రాయి.

నీ చెల్లి


కొత్త బల్బు కింద, మిషను గది
మార్చి 3

చిన్నీ,

ఎవడే ఆ మేస్త్రీ? నాకు ధైర్యం లేదా? మాటలేనా? నా మొహమైనా చూడని మనిషి, అద్దాలు తుడుచుకునే మనిషి, నా గురించి కాగితం మీద అంత మాట రాస్తాడా? ఆ లైను విన్న మర్నాడే మందుల షాపాయనను లేపి, పదండి అన్నాను. నిన్ను రమ్మని రాయలేదెందుకంటావా? నువ్వు వచ్చి చేయి పట్టుకుంటే చెల్లెలి ధైర్యంతో వెళ్ళిందనుకుంటాడు వాడు.

రెండు కళ్ళూ అయ్యాయి. ముందు కుడిది, నెల ఆగి ఎడమది. కట్టు విప్పారు. విప్పగానే మొదట కనిపించింది మందుల షాపాయన చొక్కా. పైగుండీ ఊడి ఉంది. "అది కుట్టించుకోకుండా ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారు?" అన్నాను. ఆ పెద్దమనిషి ముందు నవ్వాడు, తర్వాత వలవలా ఏడ్చాడు.

కనిపిస్తోందే! గోడమీద చీమ కనిపిస్తోంది, దాని వెనక ఇంకో చీమ కూడా కనిపిస్తోంది. సూదిలో దారం మొదటి గురికే ఎక్కింది. ఆ గుండీ కుట్టేశాను. పెద్ద కత్తెర నా మిషను పక్కనే మేకుకు వేలాడుతోంది, ఎదురింటావిడ తెచ్చి తగిలించిందట. వెళ్ళి క్షమించమన్నాను. పాలవాడికి కూడా చెప్పాను. వాడు పొట్టి కాదే, ఆరడుగులు ఉన్నాడు. బీరువా మీది పిల్లి నీ గొడుగు. తొమ్మిది నెలలు దాన్ని అదిలించాను, పాలు కూడా పెట్టాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మొన్న నీ ఉత్తరాలన్నీ తీసి నా కళ్ళతో నేనే చదువుకున్నాను. మొదటిది చివరిదాకా చదివాను. గొడుగు దగ్గర అయిపోయింది. వెనక్కి తిప్పాను, ఏమీ లేదు. రెండోదీ చూశాను, గొడుగు కోసం ఏడ్చానా అని నువ్వు అడిగిన ముక్క ఆయన నాకు చదవనే లేదు. మూడోదీ చూశాను. కవర్ల లోపల కూడా వెతికాను. మందుల షాపాయన ప్రతి ఉత్తరం చివరా ఒక మాట చదివేవాడు. "అక్కా, నీ మీద బెంగగా ఉంది" అని. నువ్వు ఒక్కదాంట్లో కూడా ఆ మాట రాయలేదు.

కిందికి వెళ్ళి నిలదీశాను. తలొంచుకున్నాడు. "అమ్మా, మొదటి ఉత్తరం చదువుతుంటే మీరు ఇంకా ఏదో ఉంటుందని చెవి ఒగ్గి కూర్చున్నారు. గొడుగు ఉందేమో చూడమని ముగించడానికి నాకు నోరు రాలేదు. ఒకసారి చదివాక, తర్వాతవాటిలో లేకపోతే మీరు కంగారు పడతారని..." అన్నాడు.

నిన్నేమీ అనడం లేదు. మనింట్లో ఎవరం ఎవరికీ అలాంటి మాటలు చెప్పుకోలేదు. నేను నీకు చెప్పానా? కానీ ఈ తొమ్మిది నెలలూ చీకట్లో ఆ ఒక్క మాట పట్టుకునే కూర్చున్నాను చిన్నీ. అది నీది కాదని తెలిసేసరికి కళ్ళు వచ్చిన సంతోషం కాసేపు ఎటో పోయింది. దాచడం నా వల్ల కాదు, అందుకే రాసేశాను.

మేస్త్రీకి చెప్పు, అక్క వెళ్ళింది.

అక్క


క్లాసు గది, బల్లలన్నీ జరిపి
ఏప్రిల్ 14

అక్కా,

నీ ఉత్తరం గోడకు అంటిస్తే వీళ్ళు నమ్మలేదు. వరసలు తిన్నగా ఉన్నాయి, అక్షరాలు చిన్నవిగా ఉన్నాయి, ఇది వేరెవరో రాసిన దొంగ ఉత్తరమన్నారు. "మా అక్క ఏది?" అని మేస్త్రీ బల్ల గుద్దాడు. తనిఖీ తాత భూతద్దం తెచ్చి మధ్యాహ్నమంతా కూర్చుని పోల్చాడు. చివరికి కాగితాన్ని దీపానికి ఎదురుగా పట్టి, "గీత లేదు" అన్నాడు. ఇరవై ముగ్గురూ లేచి నిలబడ్డారు. నేను తుమ్మలేదు కూడా. మేస్త్రీని క్యాంటీన్‌లో మళ్ళీ అందరూ తమ బల్ల దగ్గరకు పిలిచారు. అలా రాస్తే నువ్వు వెళ్తావని తెలిసే రాశాడట. తనను కాళ్ళు పట్టి లాగినవాడు అతనేనని తాత నవ్వాడు.

పరీక్ష అయింది. అదే అధికారి వచ్చి, "ఎలా ఉన్నారు?" అని అడిగాడు. "ఇప్పుడు కళ్ళు బాగా కనిపిస్తున్నాయి. పిల్లి గొడుగు అయింది" అని మొదటి ఆయన చెప్పాడు. అధికారి కలం కింద పెట్టేసి, "ముందు నుంచి చెప్పండి" అన్నాడు. ముగ్గురు కలిసి పాలగిన్నె నుంచి నీ కట్టు విప్పే దాకా మొత్తం ఇంగ్లీషులో చెప్పారు. మధ్యలో ఆయన రెండుసార్లు ముక్కు చీదుకున్నాడు. అందరూ పాసయ్యారు. వెళ్తూ వెళ్తూ, "మీ అక్కగారు ఇంకా రాస్తుంటారా?" అని నన్ను అడిగాడు.

జూన్‌లో వచ్చేస్తున్నాను.

ఇక నువ్వు వెతికిన మాట. రాద్దామని ఆరు కాగితాలు చింపాను. పాతికేళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరికీ మాట్లాడడం నేర్పాను, ఆ నాలుగు మాటలు నా అక్కకు రాయడానికి నాకు చేయి రాలేదు. బోర్డు మీద మన అక్షరాల్లో రాసి చూసుకుంటూ నిలబడ్డాను. ఇదేమిటి టీచర్ అని వీళ్ళు అడిగారు. చెప్పాను. కొలత బద్దలు తీసి, బోర్డు చూసి గీయడం మొదలుపెట్టారు. మన రాత వీళ్ళు నీ ఉత్తరాల్లోనే చూశారు కాబట్టి, వరస కుడివైపు కిందికి జారితేనే సరైనదని వీళ్ళ నమ్మకం. కొలిచి మరీ జార్చారు. ఆ ఇరవై మూడు వరసలూ వెనక పేజీలో ఉన్నాయి.

ముందున్నది మాత్రం నేను రాసింది. అది కూడా జారింది. నా కళ్ళకేమీ కాలేదు, కంగారు పడకు. రాస్తున్నప్పుడు కాస్త మసకబారాయి, అంతే.

ఇది మందుల షాపాయనకు ఇవ్వకు. నువ్వే చదువుకో.

అక్కా, నీ మీద బెంగగా ఉంది.

చిన్ని